పడవ జిగురు పట్టించిన డబుల్ బేస్

జాజ్ బృందంలో డబుల్ బేస్ వాయించేవాడి బతుకు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, మోత కూలీ బతుకులా ఉంటుందని చెబుతాను. మనిషికంటే ఎత్తు తీగల వాద్యం. ఆటోలో పట్టదు, హోటల్ లిఫ్టులో పట్టదు. మద్రాసు నుంచి వచ్చి గూడూరు స్టేషన్లో దించుతుంటే ప్రతిసారీ ఎవరో ఒకరు "లోపల మనిషుండాడా అన్నా?" అని నవ్వేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. పోను పోను విసుగొచ్చింది.

బేస్ పలికే కింది స్వరం మీద మోజు మా నాన్న నుంచి అబ్బింది. ఆయన గూడూరు చర్చిలో క్వాయర్ వెనక వరుసలో నిలబడి కింది స్వరం పాడేవాడు. ఆరాధన అయ్యాక అందరూ పైస్వరం పాడినామెను మెచ్చుకుంటుంటే, ఆయన చెప్పులు వేసుకుని ఇంటిదారి పట్టేవాడు. నాకూ అదే రాసిపెట్టి ఉన్నట్టుంది. మద్రాసు హోటల్లో జనం పియానోకి చప్పట్లు కొట్టేవాళ్ళు. నేనొక్కణ్ణే వాయించే వంతు రాగానే వెయిటర్ని పిలిచి బిరియానీ సంగతి అడిగేవాళ్ళు. నాకలవాటే అని పైకి అనేవాణ్ణి గానీ, అది నన్ను లోలోపల తినేసింది.

ఇప్పుడు వాకాడు దగ్గర సముద్రం ఒడ్డున చిన్న ఇంట్లో ఉంటున్నాను. వేళ్ళ కణుపులు వాచాయి. బేస్ గోడకి ఆనుకుని ఉంటుంది, నేను మంచానికి. ఈ ఎండాకాలం మా పియానో ఆయన ఫోన్ చేశాడు. ఆ హోటల్లో మేం ఏళ్ళ తరబడి వాయించిన హాలు మూసేస్తున్నారట. "ఆఖరుసారి వాయిద్దాం, వచ్చెయ్" అన్నాడు. ఒంట్లో ఓపిక లేదు. అయినా సరేనన్నాను. ఒక్కసారైనా నా వంతు ఎవరైనా వింటారేమోనన్న ఆశ, సిగ్గులేని ఆశ, ఇంకా చావలేదు.

బేస్ బయటికి తీస్తే పక్క అతుకు విడిపోయి ఉంది. అది జబ్బేమీ కాదు. తోళ్ళు ఉడికించి తీసిన జిగురుతో ఆ అతుకుని కావాలనే కాస్త బలహీనంగా వేస్తారు. ఉప్పుగాలికి చెక్క ఉబ్బి, ఎండకి బిగిసినప్పుడు అతుకు విడుతుంది, చెక్క పగలదు. మళ్ళీ ఆ జిగురే పెట్టి మూస్తే సరి. దాన్ని తేవడానికి మద్రాసు బయల్దేరుతూ తాళంచెవి పక్కింటతనికి ఇచ్చాను. ఫైబర్ బోట్లకి చిల్లులు పడితే రెజిన్ అనే పడవ జిగురు పట్టించి పూడ్చడం అతని పని. ఎందుకు పోతున్నావని అడిగితే బేస్‌కి పడ్డ చీలిక సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

తిరిగొచ్చేసరికి ఇల్లంతా రెజిన్ వాసన.

"దీనికోసరం మద్రాసు దాకా పోవాల్నా అన్నా? నేనే పట్టించినాను" అన్నాడు సంబరంగా. "చీలికొకటే కాదు, చుట్టూ రెండు పూతలేసినాను. సముద్రంలో ఏసినా చుక్క నీళ్ళు లోపలికి పోవు."

రెజిన్ ఒకసారి గట్టిపడితే ఇక అంతే, చెక్క ఊపిరాడక చస్తుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టబోయి, అతని గోళ్ళ సందుల్లో ఎండిన రెజిన్ చూసి నోరు మూసుకున్నాను. తీగ లాగి చూశాను. బియ్యం డబ్బా మీద తట్టినట్టు ఒక్క మోత మోగి ఆగిపోయింది. నా ఆఖరి కచేరీ అక్కడితో సరి అనుకున్నాను. ఏడుపొచ్చింది.

అతను దగ్గరికొచ్చి, బోటు పక్కని చూసినట్టే, బేస్ వెనక అరచెయ్యి ఆనించాడు. "వాయించన్నా, ఎట్టుండాదో చూద్దాం" అన్నాడు.

విసురుగానే మొదలుపెట్టాను. పియానో లేదు, డ్రమ్స్ లేవు, ఒక పాట పొడుగునా ఒట్టి కింది స్వరమే. అతను తల ఊపలేదు, ఆహా అనలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఏందన్నా, ఆపేసినావు?"

"అయిపోయింది."

"ఇంకోటి వాయించు."

ఏం వాయించాలో తోచలేదు. చర్చిలో మా నాన్న పాడే వరుస ఎత్తుకున్నాను. చివరిదాకా విన్నాడు.

ఆ సాయంత్రం పియానో ఆయనకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. బేస్ పాడైందన్నాను. "అదెంత పని, ఇక్కడ ఇంకోటి చూస్తాలే" అన్నాడు.

వద్దన్నాను. పాడైన దాన్నే వినడానికి పక్కింటతను రేపు మళ్ళీ వస్తానన్నాడు.