మూడు అక్షరాల కోసం ఆళ్ళగడ్డ దాకా

నంద్యాల కాలువల ఆఫీసులో నాకు పని నేర్పిన పెద్ద ఇంజనీరు గారు పోయిన వారం కన్నుమూశారు. కబురు తెలిసిన కాసేపటికే మా వాట్సాప్ గ్రూపు నిండా ఆర్.ఐ.పి. అని మూడు ఇంగ్లీషు అక్షరాలే. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. సారు చూసుంటే, "పూర్తిగా రాసేదానికి చేతులు నొస్తాండాయా?" అని అందరినీ కడిగేసేవారు.

రిపోర్టులో అర్థం కాని పొడి అక్షరాలు కనబడితే ఆయనకు అన్నం సహించేది కాదు. మేము ఫోన్లు తీసేవాళ్ళం. "ఫోన్‌నడిగితే నూటొకటి చెప్తాది. రాసినోడు యాడుండాడో కనుక్కోమ్మా," అనేవారు.

ఒకసారి సంజామల వైపు పిల్ల కాలువకు తూము మార్చాల్సి వచ్చింది. పాత ప్లానులో, తూము పక్కన కట్ట కింద, ఇంగ్లీషులో పి.ఆర్.కె. అని ఉంది. పైపేదో అయ్యుంటుందని మేమంతా తేల్చేశాం. కాంట్రాక్టరు తవ్వే మిషను కూడా తెచ్చాడు. సారు ఆపించారు.

నీళ్ళ కోసం కాచుకున్న రైతు ఒకాయన మండిపడ్డాడు. "నారు ముదిరిపోతాండాది సారూ! ఆ మూడచ్చరాలు తిని బతకాల్నా మేము?"

"ఒక్క దినం ఓర్చుకోప్పా. తెలీకుండా తవ్వితే కట్టే పోతాది."

ప్లాను మూలనున్న సంతకం పట్టుకుని ఆరా తీస్తే, గీసినాయన రిటైరై ఆళ్ళగడ్డలో ఉన్నాడని తెలిసింది. నన్ను వెంటబెట్టుకుని సారు అప్పటికప్పుడే బస్సెక్కారు. ముసలాయన ప్లాను చూడగానే గుర్తుపట్టాడు.

"పాత రాతి కట్టడమప్పా! మా మేస్త్రీలకు ఇంగ్లీషు యాడొస్తాది? తెలుగు మాటలకే ఇంగ్లీషు అచ్చరాలేసినా. కట్ట నిలబడిండేది దాని మీదే. ముట్టుకోవాకండి."

మేము ఇంగ్లీషంతా గాలించాం. తెలుగు మాత్రం ఒక్కరికీ తట్టలేదు. సారు పడీ పడీ నవ్వారు. తిరుగు బస్సులో ఆయన పక్కన కూర్చున్నందుకు నాకెంత గర్వంగా ఉండిందో.

మర్నాడు పొద్దున్నే మిషనును దూరంగా పెట్టించి, కూలీలతో మెల్లగా మట్టి తీయించారు. తిట్టిన రైతు తనూ ఒక పార అందుకున్నాడు. మోకాలి లోతు పోకముందే నల్లటి రాళ్ళు బయటపడ్డాయి, సందు లేకుండా పేర్చినవి. మిషను పెట్టుంటే కట్ట తెగేది, ఆ యేటికి నీళ్ళుండేవి కావు.

సారు బురదలోనే కూర్చుని, ఆ తడి రాతి మీద అరచెయ్యి ఆనించారు. కాసేపటికి ఆ రైతు పార పక్కన పెట్టి, ఆయన పక్కనే కూర్చుని, అదే రాతి మీద తన చెయ్యీ పెట్టాడు.