తొట్టిలో నేను, వెనక సీట్లో వదిన

మా ఆయన బండ్ల సీట్లు కుడతారు. బజారు చివర ఒక్క గది దుకాణం, ముందు రేకుల నీడ, లోపల కుట్టుమిషను, గోడ వారగా రెగ్జిన్ చుట్టలు. ఇంటికొచ్చి చొక్కా దులిపితే గదంతా స్పాంజి నలకలే. ఆయన్ని అందరూ ఇసక మేస్త్రి అంటారు. సీటు కావాలని ఎవరొచ్చినా ముందు ఇసక పోసిన చెక్కపెట్టె మీద కూర్చోబెడతారు మరి. లేచాక ఇసకలో పడిన గుంటను వేళ్లతో తడిమి చూసి, ఆ ప్రకారం స్పాంజి కోస్తారు. ఎంత పెద్దమనిషి వచ్చినా సరే, ఇసకలో కూర్చుంటే తప్ప ఆయన కత్తెర ముట్టరు.

పనితనానికి వంక పెట్టలేను. మాటల దగ్గరే వచ్చింది చిక్కంతా. ఇంట్లో ఆ మనిషి పెదవి విప్పరు. కూర బాగుందా అంటే తలూపుతారు, బాగాలేదా అన్నా అదే తలూపుతారు. బండెక్కితే మాత్రం వేరే మనిషి! ఇంజనుతో పాటు నోరూ స్టార్టవుతుంది. దుకాణానికి ఎవరొచ్చారో, ఎవరు బేరమాడారో, చిన్నప్పుడు ఏ గోడ దూకి ఎక్కడ పడ్డారో అన్నీ చెప్తారు. ఆయన భుజం మీద గడ్డం ఆనించి, చెవి దగ్గర నోరు పెట్టి నేనూ చెప్తాను. నా కాపురం సగం ఆ వెనక సీటు మీదే జరిగిందంటే అబద్ధం కాదు.

పాప ఎదిగింది. ముగ్గురం ఇరుక్కుని కూర్చునే రోజులు పోయాయి. పక్క దుకాణం వెల్డరు దగ్గర, బండి పక్కన తగిలించుకునే పాత సైడ్‌కార్ ఒకటి తుప్పుపట్టి పడి ఉంటే, మా ఆయన దాన్ని బాగుచేయించి బండికి బిగించుకున్నారు. మేం దాన్ని తొట్టి అనేవాళ్లం. ఈ సెలవుల్లో అందరం సముద్రానికి వెళ్దాం అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, "అక్కని కూడా తీసుకెళ్దాం," అన్నారు.

అక్కంటే మా వదిన. పక్క వీధిలోనే ఉంటారు. తమ్ముడికి కుట్టుపని నేర్పింది ఆవిడే. ఆ సంగతి నేను మర్చిపోతానేమోనని వచ్చినప్పుడల్లా గుర్తుచేస్తారు. "వాడికి సూదిలో దారం ఎక్కించడం కూడా నేనే నేర్పాను మరదలా," అంటారు. ఆవిడ ముందు మా ఆయన ఇంట్లో కూడా నవ్వుతారు. అక్కడే నాకు కడుపు మండుతుంది.

ప్రయాణానికి ముందు ఓ మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని దుకాణానికి వెళ్లాను. గుమ్మంలోనే కాళ్లు ఆగిపోయాయి. వదిన ఇసకపెట్టె మీంచి లేచి బట్టలు దులుపుకుంటున్నారు. మా ఆయన వంగి ఆ గుంటను తడిమి చూస్తున్నారు. పక్కనే తొట్టి, ఇంకా సీటు లేకుండా ఉంది.

అంటే తొట్టి సింహాసనం ఆవిడదన్నమాట! ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఒక్కసారైనా ఆ ఇసకలో కూర్చోమన్న పాపాన పోలేదు ఈ మనిషి. క్యారేజీ బల్ల మీద ఠక్కున పెట్టి వెనక్కి తిరిగాను. ఆ రాత్రి కూర బాగుందా అని అడగలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే ఆయన తొట్టి తలుపు తీసి, "నువ్వు ఇందులో కూర్చో," అన్నారు.

"ఎవరి కొలతకి కుట్టారో వాళ్లనే కూర్చోబెట్టండి," అని వదిన చెయ్యి పట్టుకుని తొట్టిలోకి ఎక్కించాను. ఆవిడ ఒళ్లో పాపని పెట్టి, నేను ఎగిరి వెనక సీటెక్కాను. మా ఆయన నోరు తెరిచారు, మూశారు. బండి ఇంకా స్టార్టవలేదు కదా!

ఊరు దాటగానే మొదలుపెట్టారు. "అది కాదే, ఆ సీటు..."

"హెల్మెట్లో ఏమీ వినపడటం లేదు," అన్నాను. శుభ్రంగా వినపడుతోంది. మళ్లీ రెండుసార్లు ఎత్తుకున్నారు, నేను వినపడనట్టే ఉన్నాను. దానికి తోడు వెనక సీటు కొత్తగా, బిర్రుగా ఉంది. నా నడుము కింద చెక్క పెట్టినట్టుంది. మెత్తటి తొట్టి సీటు వదినకి, విరిగేది నా నడుము అనుకుని ఉడికిపోయాను. కింద వదిన కాళ్లు చాపుకుని, చెట్లను చూస్తూ మహారాణిలా ఊరేగుతున్నారు.

దారిలో టీ కొట్టు దగ్గర ఆగాం. వదిన మూలుగుతూ దిగారు. "ఏం సీటురా తమ్ముడూ ఇది? గుంట ఒక పక్కకి ఉంది. దారంతా నీ వైపు ఒరిగిపోతూనే ఉన్నాను."

వంకలు, అనుకున్నాను. నా నడుమూ అప్పటికే పట్టేసింది. కాసేపు ఆనుకుందామని తొట్టిలో కూర్చున్నాను.

ఇంకేముంది! ఒళ్లంతా ఇంటికి చేరినట్టయింది. ఎక్కడ మెత్తగా ఉండాలో అక్కడ మెత్తగా, ఎక్కడ ఆనాలో అక్కడ ఆనుతూ ఉంది. రెగ్జిన్ కొత్తదే గానీ లోపలి స్పాంజి నాకు తెలుసు. ఆయన చెవిలో మాట చెప్పడానికి నేనెప్పుడూ ఒక పక్కకే ఒరిగి కూర్చుంటాను. గుంటా ఆ పక్కకే ఉంది.

"ఇది మన పాత వెనక సీటు కదూ?" అన్నాను.

ఇంజను ఆగి ఉన్నా ఆయన నోరు పెగిలింది. "నడుం నొప్పి అంటావుగా. దూరప్రయాణం, సుఖంగా కూర్చుంటావని ఆ స్పాంజే తీసి ఇందులో పెట్టాను. ఇన్నేళ్లు కూర్చుని నువ్వు చేసుకున్న గుంట అది. దానికి మళ్లీ ఇసకెందుకు? అక్క కొలత వెనక సీటుకి తీసుకున్నాను."

నా కళ్లు చెమర్చాయి. వదినకి చూపించకుండా తుడుచుకున్నాను. అంత గొప్పగా మాట్లాడిన మొగుణ్ని ఇంకో రెండు మాటలు ఆడించేదాన్నే, కానీ టీ తాగేసి ఆయన బండి దగ్గరికి వెళ్లిపోయారు.

ఈసారి ఎవరి సీట్లో వాళ్లం కూర్చున్నాం. పాప నా ఒళ్లో నిద్రపోయింది. నడుముకి హాయిగా ఉంది. బండి కదలగానే, "ఏమండీ, టీ కొట్టువాడిని చూశారా?" అంటూ అలవాటుగా పక్కకి ఒరిగాను. నా మొహానికి ఎదురుగా ఆయన మోకాలు ఉంది. కింద సైలెన్సర్ మోత. నా మాట నాకే వినపడలేదు.

తలెత్తి చూశాను. పైన వదిన తన కొలతకి కుట్టిన సీట్లో కుదురుగా కూర్చుని, తమ్ముడి భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్తున్నారు. ఆయన తల వెనక్కి వాల్చి నవ్వుతున్నారు. మళ్లీ ఆయనేదో చెప్పారు. ఆవిడ ఆయన వీపు మీద చరిచి పకపకా నవ్వారు. ఏ గోడ దూకిన కథో! అది నాకు చెప్పిన కథేనా, ఇంకా చెప్పనిదా? ఆ నవ్వు నాది, ఆ భుజం నాది. నేను మాత్రం కింద, మెత్తటి స్పాంజి మీద, మూటలా ఉన్నాను.

పాప లేచి, "అమ్మా, సముద్రం!" అని అరిచింది. నేను అటు చూడనేలేదు. బండి ఆగగానే తొట్టిలోంచి దిగి, ఇసకలో నిలబడి, సీటు పట్టుకుని ఊడబెరికాను.

"అయ్యో, ఏం చేస్తున్నావే?" అన్నారు మా ఆయన.

"సముద్రం ఎక్కడికీ పోదు," అన్నాను. "ముందు కత్తెర తీయండి. ఈ స్పాంజి వెనకే ఉండాలి. నడుం విరిగితే విరగనీయండి."