మా నల్లనీళ్ళ ప్రయోగం

ఆ రోజుల్లో, అంటే అండమాన్లో బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీ ఎక్కి పోర్ట్‌బ్లెయిర్ కాలేజీకి వెళ్ళొచ్చే రోజుల్లో, నాకు ఎండంటే మహా ప్రేమ. (ఇప్పుడు గొడుగు లేకుండా గుమ్మం దాటను, అది వేరే సంగతి.) ఆ ఎండతో నీళ్ళు కాచడమే నా చివరి ఏడాది ప్రాజెక్టు. కంటికి ఆననంత మెత్తటి కార్బన్ పొడిని నీళ్ళలో కలిపి, అది అడుగుకి దిగిపోకుండా ఒక మందు చేర్చాలి. అప్పుడా నల్లటి నీళ్ళలో ప్రతి రేణువూ ఎండని పట్టుకుని చుట్టూ ఉన్న నీటికి వేడి పంచుతుంది. అద్దం మూత పెట్టెలో సన్నటి గొట్టాల గుండా పారిస్తే మామూలు నీళ్ళకంటే తొందరగా వేడెక్కుతాయి. మా సారు వాటిని నానోఫ్లూయిడ్ అనేవారు, మా నానమ్మ బొగ్గునీళ్ళు అనేది.

నానమ్మకి ఆ బొగ్గునీళ్ళ మీద నాకంటే ఎక్కువ ఆశ. ప్రయోగం నచ్చితే విశాఖపట్నంలో ప్రదర్శనకి పంపుతారు, ఓడ ప్రయాణం కాలేజీ చూసుకుంటుంది, ఆడపిల్లకి తోడుగా ఇంట్లోవాళ్ళు ఒకరు రావచ్చు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లె ఆవిడది. పెళ్ళయిన కొత్తలో తాతతో ఈ దీవులకొచ్చి, మళ్ళీ అటు వెళ్ళలేదు. వలలు, కాన్పులు, పిల్లల చదువులు, ఎప్పుడూ ఏదో ఒక అడ్డం. "ఒక్కపాలి మా రేవు సూసొచ్చేత్తానే అమ్మీ" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది.

సార్లు వచ్చి చూసే రోజున కొత్త చీర కట్టుకుని, బొగ్గునీళ్ళ డబ్బా మోస్తున్న నాతో బయల్దేరింది. ఫెర్రీలో ఒకాయన "దీదీ, డబ్బాలో ఇంజన్ ఆయిలా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే "ఆయిల్ కాదు భయ్యా, మా ఊరెళ్ళే ఓడ!" అంది.

కాలేజీ డాబా మీద ఎండ మండిపోతోంది. ఒక పెట్టెలో మామూలు నీళ్ళు, ఇంకో పెట్టెలో నావి. కాసేపు బాగానే పారాయి. తర్వాత నా గొట్టాల్లో నల్లటి ముద్దలు పేరుకున్నాయి, ధార ఆగిపోయింది. పక్క పెట్టెలో మామూలు నీళ్ళు హాయిగా వేడెక్కుతున్నాయి. "బేటీ, పానీ రుక్ గయా?" అన్నారు సారు. నేను గొట్టాల్ని వేలితో తడుతున్నాను.

నానమ్మ మాత్రం ముందుకొచ్చి గర్వంగా చెప్పింది: "నిన్న పటిక నానే తిప్పినాను బాబూ! మా అమ్మి మురికినీళ్ళు పట్టుకెళ్తే పెద్దోళ్ళేటనుకుంటారు?"

ఇంకేముంది! మా ఇళ్ళలో వాననీళ్ళు పట్టి, మట్టి దిగడానికి పటిక ముక్క తిప్పడం పళ్ళు తోముకున్నంత అలవాటు. మట్టిని ముద్దకట్టించే పటిక, నా కార్బన్‌ని ఊరికే వదులుతుందా?

సారుకి తెలుగు రాదు. "దాదీ క్యా బోల్ రహీ హై?" అన్నారు. నానమ్మ మొహం వెలిగిపోతోంది. "తిరుగు ఫెర్రీ ఎప్పుడని అడుగుతోంది సార్" అని హిందీలో చెప్పాను.

తిరుగు ఫెర్రీలో ఆవిడ సముద్రం వైపు తిరిగి కూర్చుంది. నా వైపు వంగి మెల్లిగా, "ఇంకో ముక్క ఎయ్యాల్సిందే అమ్మీ, నీళ్ళు సరిగ్గా తేరలేదు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆవిడ భుజం మీద తల ఆన్చి రెండూ చేశాను.

ఉద్యోగం వచ్చాక, వాళ్ళ ఊరికి నేనే తీసుకెళ్తానన్నాను. వానలు తగ్గనీ అంది. వానలు తగ్గకముందే పోయింది. ఇన్నేళ్ళయినా ఆ బెంగ తీరలేదు నాకు.

ఆమధ్య పనిమీద విశాఖ వెళ్ళి, అటునుంచి ఆ పల్లెకి వెళ్ళాను. నానమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరు చెబితే ఎవరూ గుర్తుపట్టలేదు. జుట్టు నెరిసిన ఇంజనీరమ్మని, రేవులో ఒక్కదాన్నే నిలబడి "వచ్చేశాం నానమ్మా" అని పైకే అనేశాను. వల బాగుచేసుకుంటున్న ఒకాయన తలెత్తి, నా వెనక ఎవరొస్తున్నారా అని చూశాడు. నవ్వుకుంటూ నేనూ వెనక్కి తిరిగి చూశాను.