నీడ పడని కుక్క మొహం

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో నేను గది అద్దెకు తీసుకున్న ఇల్లు ఓ చైనా ఆంటీది. పక్కింటి ముసలాయన కుక్క ఈమధ్యే పోతే, ఆయన కోసం దాని బొమ్మ వేస్తోంది. చుట్టూ వెదురు పొదలు చైనా సిరాతో, కుక్క ఒళ్లేమో వెలుగునీడలతో అచ్చం యూరప్ పద్ధతిలో. మొహం మీద మాత్రం ఒక్క నీడా లేదు.

పొద్దున మ్యూజియంలో యూరప్ బొమ్మలు చూసొచ్చాను కాబట్టి నేనప్పటికే పండితుణ్ని. "ఆంటీ, వెలుతురు ఎడమ నుంచి కదా, కుడి చెంప నల్లబడాలి," అన్నాను.

"మా పాతకాలం వాళ్లకి మొహమ్మీద నీడంటే మురికి, డియర్. పోయిన కుక్కని మొహం కడక్కుండా పంపమంటావా?"

"మరి పక్కింటాయన దాన్ని గుర్తుపట్టొద్దా?" అన్నాను.

ఆవిడకీ అనుమానం పట్టుకుంది. బ్రష్ నల్లరంగులో ముంచి ఆగిపోయింది. అంతలో ముసలాయనే వచ్చాడు. బొమ్మ మీదికి వంగి చూశాడు.

"వీడి మొహం ఇంత శుభ్రంగా నేనెప్పుడూ చూళ్లేదు," అని నవ్వబోయి, జేబురుమాలు వెతుక్కున్నాడు. "వీడే. మా వాడే."

ఆంటీ బ్రష్ కడిగేసింది. నేను కుడి చెంప గురించి మిగిలిన ఉపన్యాసం మింగేసి, టీ పెట్టడానికి లేచాను. ఆ ఇంట్లో నన్ను నమ్మి అప్పగించదగ్గ కళ అదొక్కటే.