తిరగేసి బిగించిన పళ్ల చక్రం

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు మూతపడ్డప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో అన్నావదినల దగ్గర ఉండి బీఎస్సీ చదువుతున్నాను. అన్న మలక్‌పేటలో కాంపౌండరు. బస్సులు ఏ రోజు తిరుగుతాయో తెలియక ఎవరో వాడి వదిలేసిన మోటారుసైకిల్ ఒకటి చవకగా కొన్నాడు.

చదునైన రోడ్డు మీద అది బుద్ధిగానే నడిచేది. మూసారాంబాగ్ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం టక్కు టక్కుమని చైను జారేది. మెకానిక్ కొత్త చైను వేశాడు. ఇంజను పక్కన ఉండే చిన్న పళ్ల చక్రం మార్చాడు. వెనక ఉండే పెద్దది మాత్రం, బందుల వల్ల సరుకు రావట్లేదని అలాగే ఉంచేశాడు. మర్నాడు అదే ఎత్తులో చైను ఇంకా ఎక్కువ జారింది. అన్న బండి తోసుకుంటూ ఇంటికొచ్చాడు.

"కొత్త చైనే కదన్నా, ఎందుకు జారుతది?"

"నాకేం ఎరుక? చదువుకుంటున్నవు గద, నువ్వే చెప్పు," అని విసుక్కున్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. కొత్త చైను విప్పించి, పాతదాని పక్కనే నేల మీద పరిచాను. లింకులు రెండింటికీ సమానమే. పాతది మాత్రం బొటనవేలంత ఎక్కువ పొడుగుంది. ఇనుము ఎట్లా సాగుతుంది?

పక్క వాటాలో కోస్తా నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దాయన ఒకప్పుడు రైసుమిల్లులో ఫిట్టరు. గొడవలు మొదలయ్యాక గడప దాటడం మానేశాడు. నోరు తెరిస్తే యాస పట్టిస్తుందని భయం. ఊరేగింపులకు పోయే మా అన్నతో మాటలు అసలే లేవు. అయినా పాత చైను పట్టుకెళ్లి తలుపు కొట్టాను.

"తాతా, గిది ఎందుకు పొడుగైందో జర చెప్తరా?"

ఆయన చైను చేతిలోకి తీసుకుని ఒక్కో లింకూ కదిపి చూశాడు. "ఇనుం సాగలేదమ్మాయ్. ప్రతి లింకులోనూ పిన్ను రవ్వంత అరిగింది. ఆ రవ్వలన్నీ కలిస్తే ఇంత పొడుగు. పెద్ద చక్రం పళ్లు చూశారా?" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా మా వాకిట్లోకి వచ్చేశాడు.

అన్న లోపలికి పోయి పానా తెచ్చిచ్చాడు. ఇద్దరూ కలిసి చక్రం ఊడదీశారు. పళ్లన్నీ కొడవలి మొనల్లా ఒకే వైపు ఒరిగి ఉన్నాయి.

"పాత చైనూ, ఈ పళ్లూ కలిసి అరిగాయి. ఒకదానికొకటి సర్దుకున్నాయి. కొత్తది ఈ పళ్ల మధ్య ఎలా కూర్చుంటుంది? పైకెక్కి దూకేస్తుంది," అన్నాడాయన.

నేను పన్ను మీద వేలు పెట్టి చూశాను. ఒక పక్క గుంటపడింది. రెండో పక్క నిటారుగా ఉంది.

"ఈ పక్క అరగనే లేదు కద తాతా. చక్రం తిరగేసి బిగిస్తే?"

ఆయన నా వైపు చూసి, చక్రాన్ని అటూ ఇటూ తిప్పి, బోల్టు రంధ్రాలు సరిచూశాడు. "రెండు మొహాలూ ఒకటే. పడుతుందమ్మాయ్! కొన్ని నెలలు లాగుతుంది."

చక్రమూ, కొత్త చైనూ బిగించడం అయ్యాక అన్న బండి స్టార్టు చేసి, వెనక సీటు తుడిచి, "తాతా, ఎనక కూసోండ్రి. చప్పుడు మీకే తెలుస్తది," అన్నాడు.

"బయటకా బాబూ?"

"నేనున్న గద."

వాళ్లు ఎంతకీ రాకపోయేసరికి వదినా నేనూ గేటు దగ్గరే నిలబడ్డాం. ఒకవేళ ఎవరైనా ఆపితే? చివరికి మూసారాంబాగ్ వైపు నుంచి కాక, ఇప్పుడు ఎల్.బి.నగర్ అంటున్న వైపు నుంచి వచ్చారు. అప్పట్లో అంతా పొలాలే.

"ఎత్తు నాలుగుసార్లు ఎక్కించిన, ఒక్కసారి జారలే. తాత జర గాలి పీల్చుకుంటనంటే అటు తీస్కపోయిన," అన్నాడు అన్న.

ఆ తర్వాత కూడా అన్న ఊరేగింపులకు పోయేవాడు. పెద్దాయన ఎక్కువగా ఇంట్లోనే ఉండేవాడు. ఉద్యమం గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. ఆదివారాలు మాత్రం బండి ముందు చెరో పీట వేసుకుని కూర్చునేవారు. నేను అడిగే ప్రశ్నలకు ఎవరో ఒకరు జవాబిచ్చేవారు.