మొగ నీళ్ళూ, ఎస్తేరు సిస్టరూ

వానలకు ఏరు ఎర్రబడిందంటే మా డ్రెస్సింగ్ గది కిటికీలోంచి బురద కలిసిన ఉప్పువాసన వస్తుంది. కొత్త నర్సమ్మాయిలు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఎస్తేరు సిస్టర్ గుర్తొస్తుంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆదివారం చర్చిలో ఆవిడ పాటందుకుంటే పక్కవాళ్ళ పాట వినపడేది కాదు. డాక్టర్లు కూడా ఆవిడతో ఆచితూచి మాట్లాడేవారు. శ్రీకాకుళం తీరంలోని ఈ చిన్న ఆసుపత్రిలో నేను పని నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

మాది చేపల వేట మీద బతికే కుటుంబం. ఎంత గాయమైనా సముద్రపు నీళ్ళతో కడిగితే మానుతుందనీ, గంగమ్మ నీళ్ళను మించిన మందు లేదనీ మావాళ్ళ నమ్మకం. నర్సింగు చదివి ఇక్కడ పనిలో చేరినా అది నన్ను వదల్లేదు. ఒక వానాకాలం పొద్దున మా అమ్మ తమ్ముడు అప్పన్న మావయ్య ఫోన్ చేశాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వల లాగుతుంటే జెల్ల చేప ముల్లు కాలిలో దిగిందట.

“ఆ నీళ్ళతోనే కడిగీసినాను. ఆసుపత్రికి రావాలేటి?” అన్నాడు.

“కడిగీసినావు కదా, ఏటీ అవదులే మావా,” అన్నాను, పెద్ద డాక్టరమ్మలాగా.

మధ్యాహ్నానికి ఆటోలో మోసుకొచ్చారు. కాలు మోకాలిదాకా వాచిపోయి, మీద నల్లటి బొబ్బలు. జ్వరంలో మావయ్య ఏదేదో మాట్లాడుతున్నాడు. పాము కరిచిందేమోనని అత్త గుండెలు బాదుకుంటోంది. ఎస్తేరు సిస్టర్ పెన్ను తీసి కాలి మీద ఎరుపు ఎంతవరకు పాకిందో అక్కడ గీత గీసి, “ఏ నీళ్ళల్లో దిగినాడు? ఎప్పుడు?” అని అడిగింది. అత్తకు తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెబితే నా పరువు గంగలో కలుస్తుంది, పని కూడా పోవచ్చు. చూస్తుండగానే ఎరుపు ఆ గీత దాటి వేలెడు పైకి పాకింది. ఇక ఆగలేకపోయాను.

“పొద్దున ఏడింటికి, మొగ నీళ్ళల్లో సిస్టర్. ఆ నీళ్ళతోనే కడిగినాడు. ఏటీ అవదని నానే సెప్పినాను. సారా తాగి తాగి లివరు కూడా పాడైపోనాది.”

చీవాట్లు తప్పవనుకున్నాను. “సెప్పీసినావు, అదే సాలు. ఏడుపు తరవాత ఏడుద్దువు గానీ, ముందు సెలైను ఎక్కించు,” అని ఆవిడ డాక్టరు గదిలోకి దూసుకెళ్ళింది.

కుర్ర డాక్టరు రేపటిదాకా చూద్దామన్నాడు. “రేపటికి కాలుండదు, మనిషీ ఉండడు సార్,” అంది సిస్టర్. ఏటి నీరు కలిసి ఉప్పు తగ్గి, వెచ్చగా ఉన్న మొగలో ఒక క్రిమి పెరుగుతుందనీ, లివరు చెడినవాళ్ళ గాయంలో అది దూరితే గంటల్లో ప్రాణం తీస్తుందనీ ఒక్క గుక్కలో చెప్పింది. ఆయన మంచివాడు, విన్నాడు. అప్పటికప్పుడే ఇంజెక్షన్లు పడ్డాయి. అంబులెన్సు శ్రీకాకుళం పెద్దాసుపత్రికి చేరిన వెంటనే కుళ్ళిన కండ తీసేశారు.

కాలు దక్కింది! మనిషి దక్కాడు! కొన్ని వారాలకు మావయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మా ఆసుపత్రి మెట్లెక్కి వస్తుంటే నేను సిగ్గు విడిచి చప్పట్లు కొట్టాను. ఆయన మనసులో మాత్రం ఒక ముల్లు మిగిలిపోయింది.

“మా గంగమ్మతల్లే నన్ను సంపబోనాదా సిస్టరమ్మా?”

“తల్లే. కానీ ఆ తల్లి కడుపులో నువ్వొక్కడివే ఉన్నావేటి? కంటికి కనపడనోలు కోట్లమంది ఉన్నారు. ఒంటిమీద పుండుంటే మొగలో దిగకు. దిగినాక తెగితే మంచినీళ్ళు, సబ్బు, ఎంటనే మా దగ్గరికి. సారా జోలికెల్లినావో, ఈపాలి నానే సంపుతాను.”

సారా మానేశాడు. తీరం పొడుగునా లుంగీ ఎత్తి మచ్చ చూపిస్తూ ఆ మాటలే చెప్పుకొచ్చాడు. నేను చెబితే నవ్వినవాళ్ళు ఆయన చెబితే విన్నారు. ఇవాళ మా ఊరి పడవల్లో మంచినీళ్ళ డబ్బా, సబ్బుబిళ్ళ లేని పడవ లేదు.

సిస్టర్ రిటైరయ్యాక ఆవిడ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. పనిలో చేరిన ప్రతి అమ్మాయికీ మొదటిరోజున క్రిముల పాఠం కంటే ముందు నా ఫోన్ సంగతే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ సిగ్గుతో తల వాలిపోతుంది. అయినా చెబుతాను. ఆరోజు సిగ్గుపడి నిజం దాచి ఉంటే, ఇవాళ పొద్దున మావయ్య వేటకు వెళ్ళేవాడు కాదు.