మద్దిలపాలెంలో వదిలేసి వచ్చిన నవల

చెప్పిన ధరకు నేను ఇంతవరకు ఏ వస్తువూ కొనలేదు. విజయనగరంలో మాది మూడు తరాల కిరాణా కొట్టు. బేరం ఉగ్గుపాలతోనే పట్టారు. మొన్న విశాఖపట్నంలోనూ ముప్పై రూపాయల దగ్గర పట్టు సడలించకుండా వచ్చాను.

వెళ్లింది సరోజ కోసం. తొమ్మిదేళ్లుగా కొట్టు మీది గదిలో ఇద్దరం కలిసి ఉంటున్నాం. ఊరివాళ్ల లెక్కలో స్నేహితురాళ్లం. ఆదివారాలు తను ప్రేమ నవలలు పైకి చదువుతుంది, హీరో పేరు వచ్చినచోటల్లా ఒక ఆడపేరు పెట్టి. ఒకరోజు పుస్తకం మూసేసి, "ఎన్నాళ్లే ఈ దిద్దుకోడం? ఇద్దరాడోళ్ల కథ ఎవులూ రాయలేదేటి?" అంది.

వెతికితే ఇంగ్లీషులో దొరికాయి. తెలుగులో ఒక నవల ఉందట, అచ్చు ఆగిపోయిందట. విశాఖ మద్దిలపాలెం పాత పుస్తకాల కొట్టులో ఒక ప్రతి చూశానని ఎవరో ఫేస్‌బుక్కులో రాశారు.

ఎనిమిదింటి రైలెక్కాను. పక్కన ఖాళీ తట్టతో హార్బరుకు వెళ్తున్న చేపలమ్మ.

"ఏ పని మీదమ్మా?"

"ప్రేమకథ పుస్తకం కొనాలి."

"దానికి ఇంత దూరమేటి? అందులోన గుంటడు ఏటి సేత్తాడు?"

"గుంటడు లేడు. ఇద్దరూ ఆడోళ్లే."

బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. ఆమె తట్ట ఒళ్లోకి లాక్కుంది. "తాగొచ్చి కొట్టీవోడు లేడన్నమాట. బాగున్నాది."

స్టేషన్ నుంచి సిటీ బస్సు. పదింటికి కొట్టు తెరిచారు. దొంతర అడుగున దొరికింది, అట్ట లేకుండా. కుట్టు చూస్తున్నట్టు నటిస్తూ మొదటి పేజీ చదివాను. వానలో ఇద్దరాడవాళ్లు ఒకే గొడుగు కింద బస్సు కోసం నిలబడ్డారు. కావాల్సిన సరుకు మీద చూపు నిలపకూడదని నాన్న నేర్పాడు. పక్కన పడేసి, ముందు వంటల పుస్తకం ధర అడిగి, ఆ తర్వాత "మరిదెంత?" అన్నాను.

"నూట ఏభై."

"నూట ఇరవై. అట్టే లేదు."

"ఇలాటివి దొరకవమ్మా. పైసా తగ్గదు."

కొట్టతను వెనక్కి పిలుస్తాడని, పుస్తకం అక్కడే వదిలి రోడ్డు దాటి టీ తాగాను. పావుగంటయినా పిలవలేదు. తిరిగి వెళ్తే పుస్తకం లేదు.

"ఓ కాలేజీ పిల్ల అట్టుకెళిపోనాది. ఆర్నెల్లబట్టి అడుగుతంది. దర కూడా అడగకండా రెండొందలిచ్చి, సిల్లర ఒగ్గీసింది."

"ఇంకోటి వస్తుందా?"

"ఇన్నేళ్లలో నాను సూసింది అదొక్కటేనమ్మా."

జంక్షనంతా వెతికాను. ప్రతి పిల్ల భుజానా సంచీ ఉంది.

మధ్యాహ్నం రైల్లో తిరుగు ప్రయాణం. ఇంత పెద్ద ఊళ్లో ఒక్క పుస్తకం, దాన్ని వెతికేవాళ్లం కనీసం ఇద్దరం. అడిగేవాళ్లుంటే ఏ సరుకైనా కొట్టుకు వస్తుంది. ఆ పిల్ల అడిగింది. నేను వంటల పుస్తకం అడిగాను.

రైలు రానూపోనూ అరవై, బస్సులు అరవై, టీ పది, భోజనం వంద. మొత్తం రెండువందల ముప్పై. పుస్తకానికి పైసా ఖర్చు కాలేదు. సరోజకు ఇదే చెప్పాలి.